నిలువరమైన పట్టణం ఏది? చెన్నై తెలుగు విశ్వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

పెరంబూరు రైలు పెట్టెల కర్మాగారంలో లెక్కలు రాస్తూ ముప్పై ఏళ్ళు గడిపాను. ఇప్పుడు మా తెలుగు సంఘంలో ఆదివారం పెద్దల బైబిలు తరగతి చూసుకుంటున్నాను. ఆరాధన ముగిశాక మెట్ల దగ్గర టీ గ్లాసులు పట్టుకొని జనం అడిగే ప్రశ్నలు కొన్ని ఏటా తిరిగి వస్తూనే ఉంటాయి. వ్యాసర్‌పాడి నుంచి వచ్చేవారు, పాత మహాబలిపురం రోడ్డులో కంప్యూటర్ ఉద్యోగాలు చేసేవారు, నెల్లూరు నుంచి మొన్ననే దిగినవారు, ఎవరు మొదలుపెట్టినా మాట చివరికి ఒకచోటికే చేరుతుంది: ఉన్నదంతా పోతుంటే పోనిది ఏది? నేను పాస్టరును కాను, వేదాంత కళాశాల గడప తొక్కలేదు. తెలిసినంతలో రాస్తున్నాను. వాక్యాలు మాత్రం మన పాత తెలుగు బైబిలులోవి.

లోకంలోనివన్నీ అశాశ్వతం అంటారు. అంటే లోకం చెడ్డదనా?

కాదు. చాలామంది దారి తప్పేది ఇక్కడే కాబట్టి కొంచెం విడమరచి చెబుతాను.

లెక్కల్లో 'తరుగుదల' అని ఒక పద్దు ఉంటుంది. కొత్త యంత్రం వచ్చిన నాటి నుంచే దాని విలువలో ఏటా కొంత కోసేయాలి. అది నిక్షేపంలా పనిచేస్తున్నా కోయాల్సిందే. రైలు పెట్టెకు 25 ఏళ్ళు ఆయుష్షు అని మా లెక్క. అలా కోత రాసినంత మాత్రాన పెట్టె పనికిమాలినదని ఎవరూ అనుకోలేదు. అందులో ఎక్కి జనం పెళ్ళిళ్ళకు వెళ్ళారు, పురుళ్ళకు వెళ్ళారు, చావు కబురు విని పరుగెత్తారు. 1955లో మొదలైన మా కర్మాగారం, దేశమంతా దాని పేరుతోనే పిలిచిన ఆ పాత నమూనా పెట్టెల తయారీని 2018లో ఆపేసింది. మా తరం గర్వం అది. ఏదైనా స్టేషను చివర పాత పెట్టెలు ఎండకు నిలబడి కనిపిస్తే మనసు కలుక్కుమంటుంది. అయినా అవి నన్ను మోసం చేశాయని అనలేను. వాటి ఆయుష్షు అంత.

ప్రసంగి గ్రంథం 'వ్యర్థము వ్యర్థము సమస్తము వ్యర్థమే' అంటుంది. మనవాళ్ళు 'వ్యర్థము' అని తెలుగు చేసిన హెబ్రీ మాట 'హెబెల్'. దాని అసలు అర్థం ఊపిరి, ఆవిరి. చలిలో నోటినుంచి వచ్చి అంతలో కరిగిపోయే పొగ. (మన ఊళ్ళో చలి ఎక్కడిది, టీ గ్లాసు మీదే చూసుకోవాలి.) ఆదికాండంలో అన్న చేతిలో చనిపోయిన హేబెలు పేరు కూడా అదే మాట. 'వ్యర్థం' అనగానే పారేయాల్సింది అనిపిస్తుంది. 'ఆవిరి' అంటే గుప్పిట పట్టలేనిది అనిపిస్తుంది. ఈ రెండింటికీ చాలా దూరం ఉంది. హేబెలు బతికింది కొద్దికాలమే, అయినా అతని అర్పణను దేవుడు లక్ష్యపెట్టాడని అదే గ్రంథం చెబుతుంది. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో అస్థిరమైన ధనం మీద నమ్మకం పెట్టుకోవద్దంటాడు. ఆ ఊపులోనే, 'సుఖముగా అనుభవించుటకు' సమస్తాన్నీ ధారాళంగా ఇచ్చేది దేవుడే అని కూడా అంటాడు. వేడి టీ తాగడం పాపం కాదు. ఆవిరిని డబ్బాలో పెట్టి మూత బిగించాలని చూస్తేనే చిక్కు.

వేమన, శతకాలు, తత్వాలు ఇదే చెప్పలేదా? బైబిలులో కొత్త సంగతి ఏముంది?

చెప్పాయి, గొప్పగా చెప్పాయి. నీటి బుడగ బతుకనీ, మూడునాళ్ళ ముచ్చటనీ, పోయేటప్పుడు మూటగట్టుకొని పోయేది ఏమీ లేదనీ తెలుగువాడికి ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. ఉగ్గుపాలతోనే వింటాడు. ఇంతవరకూ అందరం కలిసే నడుస్తాం.

దారి చీలేది తర్వాతి అడుగులో. బతుకు క్షణికం కాబట్టి బంధాలు తెంచుకొని బయటపడమనే మాట మన తత్వాల్లో బలంగా వినిపిస్తుంది. క్రైస్తవ విశ్వాసం ఈ మట్టిని దేవుడు చేశాడంటుంది, చూసి మంచిదన్నాడంటుంది. ఆయనే శరీరం ధరించి ఇందులోకి వచ్చాడు, చనిపోయాడు, శరీరంతోనే లేచాడు. లేచినవాడు శిష్యుల ముందు కాల్చిన చేప తిన్నాడని లూకా రాశాడు. నాకు ఆ చేప ముక్క చాలా ఇష్టం. దేహం విడిచి ఎక్కడికో ఎగిరిపోవడమే రక్షణ అయితే, లేచిన ప్రభువుకు భోజనంతో పని ఏముంది? పోయినదానికి బదులుగా మరొకటి ఇస్తామన్న మాట కాదిది. పోయినదాన్నే లేపుతానన్న వాగ్దానం. నమ్మడం కష్టమే, ఒప్పుకుంటాను. అలాగని 'అన్నీ ఒకటేలెండి' అని సర్దేస్తే వేమనకూ న్యాయం జరగదు, పౌలుకూ జరగదు.

ఇరవై ఏళ్ళ అప్పు మీద ఫ్లాటు కొంటున్నాను. ఇది లోకాశ కాదా?

ముందు అది చెరువులో కట్టినదో కాదో చూసుకోండి, లోకాశ సంగతి తర్వాత చూద్దాం. నవ్వులాటకు అనడం లేదు. వేళచ్చేరి, పళ్ళికరణై వైపు చిత్తడి నేలలు పూడ్చి ఇళ్ళు కట్టారు. 2015 డిసెంబరు మొదటి వారంలో అడయారు నది పొంగినప్పుడు కింది అంతస్తుల్లో మంచాలు తేలాయి. ఇసుక మీద కట్టిన ఇల్లు అని ప్రభువు చెప్పిన ఉపమానాన్ని ఆ నెలలో ఎవరికీ వివరించాల్సిన అవసరం రాలేదు.

ఇక మీ ప్రశ్న. హెబ్రీయులకు రాసిన పత్రికలో 'నిలువరమైన పట్టణము మనకిక్కడ లేదు' అని ఒక మాట ఉంది, అంటే స్థిరంగా నిలిచే ఊరు. మద్రాసు తెలుగువారికి అది అనుభవమే. మద్రాసు మనదే అన్నాం. పొట్టి శ్రీరాములు గారు ఈ ఊళ్ళోనే నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న కన్నుమూశారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. తర్వాత కోడంబాక్కం నుంచి తెలుగు సినిమా సామాను సర్దుకొని హైదరాబాదు వెళ్ళింది. 1996లో ఊరి పేరే మారిపోయింది. ఇంత జరిగినా మనం ఇక్కడే ఉన్నాం, ఇక్కడి నీళ్ళ లారీ కోసం బిందెలు పట్టుకొని నిలబడుతున్నాం.

బబులోనుకు చెరపోయినవారికి యిర్మీయా రాసిన ఉత్తరం (29వ అధ్యాయం) చదవండి. అది వాళ్ళ ఊరు కాదు, ఎప్పటికీ వాళ్ళది కాదు. అయినా ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అన్నాడు. నిలువరం కాని ఊళ్ళో కూడా గోడకు సున్నం వేసుకోవచ్చు.

అయితే లూకా 12వ అధ్యాయంలో వెఱ్ఱివాడనిపించుకున్న ధనవంతుణ్ణి కూడా చూడండి. పెద్ద కొట్లు కట్టాలనుకోవడమే అతని తప్పని మనం చెప్పుకుంటాం. అతని మాటలు వినండి: నా పంట, నా కొట్లు, నా ధాన్యం, నా ఆస్తి, నా ప్రాణం. ఆ మాటల్లో పక్కింటివాడు లేడు, కూలివాడు లేడు, పెళ్ళాం కూడా లేదు. తనతో తనే మాట్లాడుకుంటున్నాడు. అందుకే ఫ్లాటు కొంటున్నామని చెప్పేవారిని నేను ఒకటే అడుగుతాను. నెల్లూరు నుంచో గూడూరు నుంచో ఆసుపత్రి పనిమీద వచ్చే మనవాళ్ళకు ఆ ఇంట్లో ఒక చాప పరిచే చోటు ఉంటుందా?

దాచుకోవడం అవిశ్వాసమా? చీటీ కడుతున్నాను, కాస్త బంగారం కూడా ఉంది.

దాచుకోండి. చీమను చూసి బుద్ధి తెచ్చుకోమన్నది సామెతల గ్రంథమే. కాకపోతే దాచినచోటే మనసును కూడా పెట్టి తాళం వేయవద్దు. చిమ్మెట అంటే బట్టలు కొట్టే పురుగు. ధనాన్ని 'చిమ్మెటయు, తుప్పును' తినేస్తాయని ప్రభువు చెప్పిన కాలంలో సంపద అంటే బట్టలు, లోహాలు, ధాన్యం. ఇప్పటి చిమ్మెటకు కోటు, టై కూడా ఉంటాయి. 1906 అక్టోబరులో మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసింది. ఊళ్ళో దానికి ఎంత పేరంటే, ఫించను డబ్బు, ఆడపిల్లల పెళ్ళి డబ్బు తెచ్చి అందులో పెట్టి నిశ్చింతగా నిద్రపోయేవారు. తెల్లారేసరికి నడిరోడ్డున పడ్డారు. ఆ దెబ్బ తగిలాకే మన డబ్బు మన చేతుల్లో ఉండాలని 1907లో ఇండియన్ బ్యాంకు పెట్టారు. దాచినవారిదేమీ తప్పు లేదు. కలిమి లేములు కావడి కుండలు.

ఉద్యోగం పోయింది. ఉపవాసం ఉన్నాను, ప్రార్థించాను, కానుకలు ఇచ్చాను. నా విశ్వాసంలో లోపం ఉందా?

మీకు ఈ అనుమానం పెట్టినవాళ్ళ మీద నాకు కోపం వస్తుంది. 'వెయ్యి ఇవ్వు, లక్ష వస్తుంది' అని చెప్పే ప్రసంగం ఏ వేదిక మీద విన్నా, అది పేకాటకు బైబిలు అట్ట వేసినట్టే. దేవుడు ఇవ్వడని కాదు. ఇవ్వనప్పుడు తప్పంతా వినేవాడి నెత్తిన రుద్దుతారు కాబట్టి.

యోబు పశువులను, పిల్లలను, ఆరోగ్యాన్ని పోగొట్టుకున్నాడు. అతని స్నేహితులు వచ్చి, నీలో ఏదో లోపం ఉంది కాబట్టే ఇలా అయిందన్నారు. ఎన్నో అధ్యాయాలు అదే పాట పాడారు. చివర దేవుడు కోప్పడింది ఆ స్నేహితుల మీద. యోబు అరిచాడు, పుట్టిన దినాన్ని శపించాడు, దేవుణ్ణి నిలదీశాడు. అయినా 'నా సేవకుడు' అనే పిలిపించుకున్నాడు.

హబక్కూకు ప్రవక్త గ్రంథం చివర ఒక ప్రార్థన ఉంది. అంజూరం పూయలేదు, ద్రాక్ష కాయలేదు, ఒలీవ కాపు లేదు, చేను పండలేదు, దొడ్డిలో గొర్రెలు లేవు, శాలలో పశువులు లేవు. అన్నీ వరుసగా లెక్కపెట్టి, అయినా యెహోవాయందు ఆనందిస్తాను అంటాడు. లెక్కల మనిషిగా నాకు నచ్చేది ఏమిటంటే, పోయినవాటిలో ఒక్క పద్దు కూడా దాచలేదు. 'అంతా బాగానే ఉంది, హల్లెలూయ' అనలేదు. నష్టాల పట్టీ పూర్తిగా రాసి, దాని కింద సంతకం పెట్టాడు.

మీరు చేయవలసిన పని ఒకటి ఉంది. ఉద్యోగం పోయిన సంగతి సంఘంలో నలుగురికి చెప్పండి. సిగ్గుతో ఆదివారాలు ఎగ్గొట్టి, పొద్దున్నే టిఫిను డబ్బా పట్టుకొని ఆఫీసుకు వెళ్తున్నట్టు నటించిన ఒక అబ్బాయి నాకు తెలుసు. మూడు నెలలు మెరీనా బల్లల మీద గడిపాడు. చెప్పిన వారంలోనే ఒకరు ఇంటి అద్దెకు సర్దారు. ఇంకొకరు పని చూపించారు, పాత జీతంలో సగానికి. చేరాడు.

కష్టం వచ్చాకే దేవుడు గుర్తొచ్చాడు. అవసరంలో పుట్టిన విశ్వాసం నిలుస్తుందా?

జవాబు కోసం బీచి స్టేషను నుంచి వేళచ్చేరికి, స్తంభాల మీద పోయే రైలెక్కి కిటికీలోంచి కిందికి చూడండి. కదలీ కదలని నల్లటి నీళ్ళు కనిపిస్తాయి. ముక్కు మూసుకొని దాటేసే ఆ మురుగే బకింగ్‌హాం కాలువ. కాకినాడ నుంచి విళుప్పురం జిల్లా దాకా 796 కిలోమీటర్లు సాగిన జలమార్గం. బియ్యం, ఉప్పు, వంటచెరకు పడవలకెక్కి తెలుగు తీరం నుంచి మద్రాసుకు ఈ నీళ్ళమీదే వచ్చేవి.

1876–78 కరువులో తిండిలేని జనానికి కూలి పని చూపించడానికి ప్రభుత్వం ఈ కాలువను పొడిగించి తవ్వించింది. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరు దానికి స్థిరపడింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ, మన పెద్దలు క్లౌ దొర అని చెప్పుకునే జాన్ ఎవరెట్ క్లౌ, అందులో మూడున్నర మైళ్ళ పనిని గుత్తకు తీసుకున్నాడు. ఎక్కువగా మాదిగ కుటుంబాలు వచ్చి మట్టి మోశాయి. పగలు తవ్వకం, విరామంలో వాక్యం. బాప్తిస్మం ఇవ్వమని ఎంతోమంది అడిగినా, కూలి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు పని నడిచినంత కాలం ఆయన ఇవ్వలేదు. పని ముగిశాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

కూడు కోసం మతం మారారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. ఆ మాటకు నేను ఉలిక్కిపడను. ఆకలిగొన్న మనిషి గుండెలో ఆకలి ఎంత, దేవుడు ఎంత, ఊరి బావి దగ్గరికి రానివ్వని అవమానం ఎంత అని తూచే తక్కెడ ఎవరి దగ్గర ఉంది? కానీ తర్వాత జరిగింది చూడండి. కరువు పోయింది. కూలి ఆగింది. దొరలు పోయారు. సరుకు రైళ్ళకు, లారీలకు మళ్ళి పడవలు పోయాయి. తుఫాన్లు గట్లు తెంచాయి, పూడిక పేరుకుంది. ఈ నగరం తన మురుగంతా అందులోకి వదిలింది. ఆఖరికి దాని గుండెలోనే రైలు స్తంభాలు దిగాయి. ఇనుము, సున్నం, ప్రభుత్వ శాసనం కలిసి కట్టినది నూట యాభై ఏళ్ళు నిలవలేదు. ఆ మట్టి మోసినవారి సంతానం మాత్రం ఒంగోలులో, నెల్లూరులో, ఇక్కడ చెన్నైలో ప్రతి ఆదివారం లేచి నిలబడి పాడుతున్నారు. మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. 'మా ముత్తాత కాలువలో తట్ట మోశాడంట అయ్యా' అని నవ్వుతూ చెబుతుంది. ఆమె ఇంటికి వెళ్ళాలంటే ఇప్పుడు ఆ కాలువ వంతెనే దాటాలి.

పది మంది కుష్ఠరోగులు ప్రభువు దగ్గరికి అవసరంతోనే వచ్చారు. తిరిగివచ్చి స్తుతి చెల్లించింది ఒక్కడే. ఆ సంగతి ఆయనకు ముందే తెలియదా? అయినా బాగుచేసేటప్పుడు వరుసలో ఎవరినీ వడపోయలేదు. మీరు ఎందుకు వచ్చారన్నది మరిచిపోండి. వచ్చారు కదా, కూర్చోండి.

అనుమానాలు వస్తున్నాయి. పైకి చెబితే వెలివేస్తారేమో అని భయం.

చెన్నైలో ఉంటూ దీనికి భయపడితే ఎలా? మన ఊరి అపొస్తలుడే అనుమానాల తోమా! ఆయన క్రీస్తుశకం 52లో కేరళ తీరంలో దిగి, తర్వాత మైలాపూరు వచ్చి, 72లో పరంగిమల మీద హతసాక్షి అయ్యాడని సంప్రదాయం. శాంథోంలో సముద్రం పక్కన తెల్లగా కనిపించే గుడిని ఆయన సమాధి మీద కట్టారని చెబుతారు. చరిత్రకారులు వాదించుకోనివ్వండి. నాకు ఆసక్తి యోహాను సువార్త 20వ అధ్యాయం మీద. ప్రభువు లేచాడని తోటి శిష్యులు చెబితే, మేకుల గుర్తులో వేలు పెట్టనిదే నమ్మనని తోమా మొండికేశాడు. ప్రభువు మళ్ళీ కనిపించింది ఎనిమిది రోజుల తర్వాత. ఆ ఎనిమిది రోజులూ నమ్మినవాళ్ళు, నమ్మనివాడు ఒకే గుంపుగా ఉన్నారు. మిగతా పది మంది శిష్యులు అతణ్ణి వెళ్ళగొట్టలేదు, అతనూ అలిగి వెళ్ళిపోలేదు. ప్రభువు వచ్చేసరికి తోమా ఆ గదిలోనే ఉన్నాడు.

మీరూ గదిలో ఉండండి. 'నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము' అని మార్కు సువార్తలో ఒక తండ్రి ఏడ్చాడు. సగం సగం ప్రార్థన అది. దానికి జవాబు పూర్తిగానే వచ్చింది.

ఆప్తులు చనిపోతే ఏడవడం అవిశ్వాసమా? ఆదరణ కూడికలో ఏడవవద్దంటారు.

ఏడవవద్దనేవారికి లాజరు సమాధి దగ్గరి మూడు మాటలు చూపించండి: 'యేసు కన్నీళ్లు విడిచెను.' మరికాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. పౌలు థెస్సలొనీకయులకు రాసినది, నిరీక్షణ లేనివారిలా దుఃఖపడవద్దని. దుఃఖమే పడవద్దని రాయలేదు.

2004లో క్రిస్మస్ మర్నాడు ఆదివారం. మేము ఆరాధనలో ఉండగా సముద్రం ఊరిమీదికి వచ్చిందన్న కబురు తెలిసింది. పట్టినపాక్కం, కాసిమేడు కుప్పాల్లో ముందురోజు కట్టిన కాగితపు నక్షత్రాలు కొన్ని ఇళ్ళకు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. ఆ తర్వాత చాలాకాలం 'దేవుని చిత్తం' అన్న మాట నా నోట రాలేదు. ఇప్పుడు కూడా చావింట్లో ఆ మాట అనను. అన్నం పట్టుకెళ్తాను. కుర్చీలు సర్దుతాను. అడిగితే ప్రార్థన చేస్తాను.

సమాధుల తోటలో చోటు దొరకడం లేదు. దహనం చేస్తే పునరుత్థానం ఉండదా?

ఉంటుంది. మట్టిలో కలిసినవాణ్ణి లేపగలిగిన దేవుడికి బూడిద అడ్డం కాదు. సముద్రంలో పోయినవారు, మంటల్లో ప్రాణమిచ్చిన హతసాక్షులు ఏమయ్యారనుకుంటున్నారు? కతోలిక సంఘం 1963లోనే దహనానికి అనుమతించింది. ప్రొటెస్టెంటు సంఘాల్లో ఇది సిద్ధాంతం కంటే అలవాటుకు సంబంధించిన విషయం. మీ పాస్టరు గారితో, ముఖ్యంగా ఇంటి పెద్దవారితో బతికుండగానే మాట్లాడుకోండి. శవాన్ని ముందు పెట్టుకొని తగవులాడటం నేను రెండుసార్లు చూశాను.

కీల్పాక్కంలో జాగా చాలక ఒకే కుటుంబపు పాత సమాధులను తిరిగి తెరిచి వాడుకోవాల్సి వస్తోంది. ఆరడుగుల నేలైనా మనదే అన్న పాత మాట కూడా ఈ ఊళ్ళో చెల్లదు. దొరలకూ చెల్లలేదు. సెయింట్ జార్జి కోటలో 1680లో ప్రతిష్ఠించిన సెయింట్ మేరీ గుడి చుట్టూ నడిచేటప్పుడు కాళ్ళ కింద పేర్లు చెక్కిన సమాధి రాళ్ళు తగులుతాయి. ఆ రాళ్ళ కింద ఆ మనుషులు లేరు. వాళ్ళను పాతిపెట్టిన శ్మశానం కోట బయట ఉండేది. 1758–59లో ముట్టడికి వచ్చిన ఫ్రెంచి సైన్యం ఎత్తైన సమాధుల చాటున దాక్కుంది. మళ్ళీ అలా జరగకూడదని ఆ తర్వాత దాన్ని చదును చేసి, రాళ్ళు తెచ్చి ఇక్కడ పరిచారు. శాశ్వతంగా ఉండాలని గట్టి నల్లరాయి మీద లోతుగా చెక్కించుకున్నారు పాపం. రాయి ఉంది, అక్షరాలు ఉన్నాయి, మనిషి ఎక్కడున్నాడో ఎవరికీ పట్టలేదు.

మా చర్చి కొత్త భవనానికి చందా అడుగుతున్నారు. అదీ పోయేదే కదా, ఎందుకు ఇవ్వాలి?

వాన కురిస్తే ముసలివాళ్ళు తడుస్తున్నారు కాబట్టి ఇవ్వండి. గోపురం పక్క వీధి గుడికంటే ఎత్తుగా ఉండాలని అడిగితే మాత్రం నన్నడిగితే ఇవ్వక్కరలేదు.

మరి నిలిచేది ఏమిటి?

విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ నిలుస్తాయనీ, వాటిలో ప్రేమే శ్రేష్ఠమైనదనీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక చెబుతుంది. వినీ వినీ మనకు అరిగిపోయిన మాట. ఆ వాక్యానికి ముందు పౌలు ఏవి నిలవవో చెబుతాడు: ప్రవచనాలు, భాషలు, జ్ఞానం. ఇవి లోకంలోని వస్తువులు కావు, సంఘం నెత్తిన పెట్టుకొనే వరాలు! వాటినే కొట్టివేతల పద్దులో వేశాడు. నా బైబిలు తరగతి కూడా ఆ పద్దులోదేనని అప్పుడప్పుడు గుర్తుచేసుకుంటాను. పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పి ఉందని ఒక పిల్ల ఆమె బిందెను మూడో అంతస్తుకు మోసిందనుకోండి. అది దేవుని పుస్తకంలో ఏ పద్దు కింద ఉంటుందో నాకు తెలియదు గానీ, దానిమీద తరుగుదల రాయరని నమ్ముతాను.

ఇంకొక సంగతి. 'నిలిచే విశ్వాసం' అంటే మన పట్టు గట్టిగా ఉండటం అనుకుంటాం. రద్దీ బస్సులో చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లిని చూడండి. బిడ్డ ఆమె కొంగు పట్టుకుంటుంది, నిద్రలో వదిలేస్తుంది కూడా. పడిపోదు.

రోజూ చేయదగ్గ పని ఏదైనా చెప్పండి.

90వ కీర్తన ఉదయాన్నే చదవండి. డెబ్బై ఏళ్ళు, బలముంటే ఎనభై అని అందులో ఉంది. నాకిప్పుడు ఆ రెండు అంకెల మధ్య వయసు. చదవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది, అంతకంటే తొందరగా చదవవద్దు. వారానికి ఒకసారి ఇంట్లోంచి ఒక వస్తువు ఎవరికైనా ఇవ్వండి, చిరిగినది మాత్రం కాదు.

పిల్లలకు తెలుగు చదవడం రాదు. మా తర్వాత ఇంట్లో తెలుగు బైబిలు తెరిచేవారు ఉండరు. ఈ విశ్వాసం వాళ్ళకు ఎలా అందుతుంది?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు అందరి గొంతూ కాస్త తగ్గుతుంది. నాకూ అంతే. మా అమ్మ బైబిలు నా దగ్గర ఉంది. అట్ట ఊడింది, మార్జిన్లలో పెన్సిలు గీతలు, కీర్తనల దగ్గర కొబ్బరినూనె మరకలు. నా తర్వాత దాన్ని ఎవరు చదువుతారు?

పద్దెనిమిదో శతాబ్దంలో బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ ఈ మద్రాసులోనే కూర్చొని బైబిలును తెలుగులోకి మార్చాడు. ఏళ్ళ తరబడి చేసిన ఆ పని అచ్చుకు నోచుకోలేదు. తెలుగు బైబిలు మాత్రం వేరే చేతుల మీదుగా వచ్చింది, మా అమ్మ దాకా వచ్చింది. ఆయన రాతప్రతి మీద దిగులుపడి ఉంటే పడి ఉండవచ్చు. దారి అక్కడితో ఆగలేదు.

పిల్లలు తమిళంలో చదవనివ్వండి, ఇంగ్లీషులో చదవనివ్వండి. వాక్యం నిత్యం నిలుస్తుందని యెషయా అన్నది ఏ లిపి గురించీ కాదు. అక్షరాలు నేర్పగలిగితే నేర్పండి, సెలవుల్లో మేము కూడా నేర్పుతాం. అదంతా రాకపోయినా, ఇంట్లో మీరు గట్టిగా పాడుకోండి. పిల్లలు వింటున్నట్టు కనిపించరు.

మా మనుమడు పోయిన క్రిస్మస్‌కు తెలుగు పాట పాడతానని ముందుకొచ్చాడు. తెలుగు చదవలేడు కాబట్టి నేను చెబుతుంటే తమిళ అక్షరాల్లో రాసుకున్నాడు. ఆ లిపిలో 'భ'కు వేరే అక్షరం లేదు, 'ప'తోనే సర్దుకోవాలి. దాంతో 'ప్రభువా' వచ్చిన ప్రతిచోటా 'ప్రపువా' అని పాడుతున్నాడు. రెండు వారాలు పట్టుబట్టి దిద్దాను. మూడో వారం వాడు వంటింట్లో నీళ్ళు పడుతూ, నేనున్నానని చూడకుండా, అదే పాటను 'ప్రపువా' అంటూనే మొదటి నుంచి చివరిదాకా పాడాడు. గుమ్మంలోనే నిలబడి విన్నాను. ఆ తర్వాత దిద్దలేదు.